ఆ ఓవెన్ ఎవరు?

సంపాదకుడు గారికి,

ఉగాండాలో నైలు నది ఆనకట్ట గురించి మీరు వేసిన వ్యాసంలో ఓవెన్ ఫాల్స్ పేరు చూశాను. ఆ ఓవెన్ ఎవరో రెండు ముక్కలు రాసుంటే బాగుండేది.

రాడీ ఓవెన్ బ్రిటిష్ సైన్యాధికారి. జాకీగా డబ్బు తీసుకోడు, గుర్రాలను దూకించడం ఆయన సరదా. 1892లో లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో ‘ఫాదర్ ఓఫ్లిన్’ అనే గుర్రం మీద గ్రాండ్ నేషనల్ పందెం గెలిచాడు. దాదాపు 7 కిలోమీటర్ల పరుగు, దారి పొడవునా కంచెలూ కందకాలూ. పడకుండా చివరిదాకా వెళ్లడమే గొప్ప! ఈయన ఏకంగా 20 గుర్రాల పొడవు తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాదే ఉగాండాలో తేలాడు. 1896లో సూడాన్ దండయాత్రలో కలరా సోకి 40 ఏళ్లకే పోయాడు.

ఆయన పేరు పెట్టిన ఓవెన్ ఫాల్స్ జలపాతమూ తర్వాత ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. ఆనకట్ట పేరు ఇప్పుడు నలుబాలె.

– ఒక పాఠకుడు, విజయవాడ