ఆ యాభై వేలు ‘ప్రకటన ప్రకారం’ ఇచ్చినవి కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో 1857 తిరుగుబాటు నాయకుడు ఫైజాబాద్ మౌల్వీ అహ్మదుల్లా షా గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆయనది ఆర్కాటు అని ఆనాటి ఆంగ్లేయుల రాతల్లోనే ఉంది గనుక, ఒకప్పుడు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణమైన చిత్తూరులో కూర్చుని చదివిన నాకు ఆ కథ పరాయిదనిపించలేదు. అయితే మౌల్వీ తలను ఆంగ్లేయులకు అందించిన పువాయాన్ (షాజహాన్‌పూర్ దగ్గరి సంస్థానం) రాజు గురించి ‘ప్రకటన ప్రకారం పువాయాన్ రాజుకు 50,000 రూపాయలు ముట్టాయి’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. నలభై ఏళ్లు కోర్టు ఆవరణలో చెట్టు కింద అర్జీలు, దస్తావేజులు రాసి బతికినవాణ్ని. కాగితంలో ఒక్క మాట తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు.

1858 ఏప్రిల్‌లో ఆంగ్ల ప్రభుత్వం వెలువరించిన ఆ బహుమాన ప్రకటన, మౌల్వీని ‘ప్రాణాలతో’ బ్రిటిష్ సైనిక స్థావరంలో అప్పగించినవారికే బహుమానం అంది. జూన్ 5న సాయం కోరి ఏనుగు మీద కోట గుమ్మానికి వచ్చిన మౌల్వీని రాజుగారి సోదరుడు కాల్చి చంపగా, రాజు ఆ తల నరికించి, గుడ్డలో మూటగట్టి షాజహాన్‌పూర్‌కు తీసుకుపోయి, భోజనానికి కూర్చున్న మేజిస్ట్రేటు ముందు విప్పాడంటారు. షరతు అక్కడే తప్పింది. అయినా డబ్బు ముట్టింది. అంటే అది ప్రకటన ఇచ్చిన హక్కు కాదు, దొరల దయ. రాజుకు బదులు ఏ ఊరి తలారో ఆ మూట మోసుకొచ్చి ఉంటే ‘ప్రాణాలతో’ అన్న మాటను అంత సులువుగా మరిచేవారా అన్నది నా అనుమానం.

మన మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1816 నుంచి కలెక్టరే మేజిస్ట్రేటు కూడా అయ్యాడు. బహుమానం అడిగే పేదవాడైన అర్జీదారు ‘మహారాజశ్రీ కలెక్టరు దొరవారి సముఖమునకు’ అని మొదలుపెట్టి (ఆ ఒరవడి మా గురువుగారి కాలం దాకా నిలిచింది) తన కష్టమంతా చెప్పుకోవలసింది ఆయనకే. పట్టుకున్నవాడు అసలు మనిషేనని రుజువు కావడం మరో తంటా. 1857 తిరుగుబాటులో మరో నాయకుడైన నానాసాహెబ్ మీద లక్ష రూపాయలు ప్రకటించారు. 1874లో గ్వాలియరు సింధియా అంతటివాడు అప్పగించిన మనిషే నానా కాడని తేలింది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ చెప్పుకునేటప్పుడు కూడా పట్టిచ్చినవాణ్ని తిట్టి ఊరుకుంటాం గానీ, అలాంటివాళ్లకు సర్కారు చివరికి ఏమిచ్చింది, ఎన్నిసార్లు తిప్పింది అని అడగం. ద్రోహాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. కొన్నేళ్ల కిందట ఎర్రచందనం దుంగల జాడ చెప్పిన ఒకాయన బహుమానం కోసం నా చేత మూడు అర్జీలు రాయించుకున్నాడు; మూడోదానికి రూపాయి తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కాబట్టి వచ్చే ఆదివారం సంచికలో ‘ప్రకటన ప్రకారం’ అన్న మాటలు తీసి ‘ప్రకటనలోని షరతు తప్పినా’ అని సవరణ వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
చిత్తూరు