వచ్చిన పాఠకులు మళ్లీ రావాలంటే

సంపాదకులకు నమస్కారం.

అంతర్జాలంలో సొంతంగా రాసేవారు పాఠకులను పెంచుకునే మార్గాల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసం ఉపయోగకరమైనదే. అయితే అందులోని సూచనలన్నీ కొత్తవారిని రప్పించడం చుట్టూనే తిరిగాయి. ఆకట్టుకునే శీర్షిక, గూగుల్‌లో వెతికేవారికి తగిలే పదాలు, సామాజిక మాధ్యమాల్లో ప్రచారం అక్కర్లేదని నేను అనను. కానీ ఒక్కసారి తొంగిచూసి వెళ్లినవారిని కూడా పాఠకులుగా లెక్కపెట్టుకుని, ఆ అంకె తగ్గిన నెలలో కుంగిపోయి రాయడమే మానుకునే మంచి రచయితలను చూస్తే బాధ కలుగుతుంది. కిందటి నెల చదివినవారిలో ఈ నెల మళ్లీ వచ్చినవారెందరన్నదే వారు ముందుగా చూసుకోవలసిన లెక్క.

మళ్లీ రావడానికి పాఠకుడికి దారి ఉండాలి, ఆ దారి రచయిత చేతిలో ఉండాలి. అనేక సైట్లలోని కొత్త టపాలను ఒకేచోట చూపించిన గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. మిత్రులు, కుటుంబసభ్యుల పోస్టులకే ప్రాధాన్యమిస్తామని, సంస్థలు, మీడియా పెట్టేవి తక్కువగా కనిపిస్తాయని ఫేస్‌బుక్ 2018 జనవరిలో ప్రకటించింది. రాసేవారి నాణ్యతతో ఈ రెండు నిర్ణయాలకూ సంబంధం లేదు, అయినా వాటి ప్రభావం వారిపై పడింది. అందుకే కొత్త రచన వచ్చినప్పుడల్లా తమకు పంపమని స్వయంగా ఈమెయిల్ చిరునామా ఇచ్చిన వందమంది, లైక్ కొట్టి మరచిపోయిన వేలమంది కంటే ఎక్కువని నా నమ్మకం. రేపు వేరే సేవకు మారినా ఆ జాబితాను వెంట తీసుకుపోవచ్చు. సైట్‌లోని కొత్త టపాలను పాఠకుడు వాడే రీడర్ యాప్‌కు దానంతటదే చేర్చే, ఏ ఒక్క సంస్థ సొత్తూ కాని ఏర్పాటైన ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఇప్పటికీ పనిచేస్తుంది కనుక దాన్నీ అందుబాటులో ఉంచాలి. అడగనివారి చిరునామాలను జాబితాలో చేర్చడం, వద్దన్నాక కూడా పంపడం మాత్రం పాఠకుడి పట్ల అమర్యాద.

ఆ వ్యాసం అసలు ముట్టుకోని విషయం పాఠకుల మౌనం. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారని, 9 శాతం అప్పుడప్పుడూ పాల్గొంటారని, మిగిలిన 1 శాతమే అత్యధిక భాగం రాస్తారని వెబ్ వినియోగ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2006లో వివరించారు. వ్యాఖ్యలు రానంత మాత్రాన ఎవరూ చదవలేదని అనుకోనక్కర్లేదు. అలాగే, మాట్లాడే ఆ కొద్దిమంది ఇష్టాయిష్టాలే అందరివీ అనుకుని రచనను వారి వైపు వంచేయడమూ సరికాదు. అయినా వచ్చిన ప్రతి మాటకూ జవాబివ్వాలి, ఎందుకంటే ఆ జవాబును మౌనంగా ఉన్నవారు కూడా చదువుతారు. పాఠకుడు తప్పు చూపితే సరిదిద్ది, ఆయన చెప్పారని అక్కడే రాయాలి. ఒకరు అడిగిన ప్రశ్నకు విస్తృతమైన సమాధానం అవసరమైతే అదే తరువాతి రచన కావచ్చు. చివర్లో "మీ అభిప్రాయం తెలపండి" అని ముగించడం కన్నా, పాఠకుడు తన అనుభవంలోంచి రెండు వాక్యాల్లో చెప్పగలిగిన ప్రశ్న ఒకటి అడిగితే స్పందన వచ్చే అవకాశం ఎక్కువ.

రోజూ రాయాలన్న ఆ వ్యాసంలోని సూచనతో నేను ఏకీభవించలేను. వారానికో నెలకో ఒకటి చాలు, చెప్పిన వేళకు వస్తే చాలు. వస్తుందని తెలిసినప్పుడే పాఠకుడు ఎదురుచూస్తాడు.

పాఠకుల ఉత్తరాలకు ఇంత చోటిస్తున్న మీ పత్రికకు ఉన్న పాఠకుల విలువ గురించి ఎవరూ చెప్పనవసరం లేదు. కొత్తవారిని రప్పించే ఉపాయాలతో పాటు, ఉన్న పాఠకులతో ఏళ్ల తరబడి సంబంధం నిలుపుకున్న రచయితల అనుభవాలను కూడా సేకరించి ఆ వ్యాసానికి కొనసాగింపుగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు