నూబా కొండల ఆకలి గురించి రాయండి

సంపాదకుడు గారికి,

2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ పారామిలటరీ దళాలకూ యుద్ధం మొదలైనప్పుడు మన పత్రికలు రోజూ రాశాయి. ఆపరేషన్ కావేరిలో మనవాళ్లు తిరిగొచ్చారు, ఆ తర్వాత సూడాన్ పేరే అరుదైపోయింది. అసలు ఘోరం ఆ తర్వాతే జరిగింది. 2024 ఆగస్టులో ఉత్తర దార్ఫుర్‌లోని జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో, డిసెంబరులో దేశానికి దక్షిణాన ఉన్న నూబా కొండల పశ్చిమ భాగంలో క్షామం ఉందని అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. 2025 నవంబరులో ఎల్ ఫాషర్, కాదుగ్లీ పట్టణాలు కూడా ఆ జాబితాలో చేరాయి. పిల్లల్లో 30 శాతం మంది చిక్కి శల్యమై, ప్రతి 10,000 మందిలో రోజుకు కనీసం ఇద్దరు చనిపోయే స్థితి వస్తే గానీ ఆ నిపుణులు క్షామం అనే మాట వాడరు.

నూబా కొండల్లోని గిడెల్ అనే చోట ఎల్ ఒబెయిద్ నగరపు కాథలిక్ డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) పెట్టిన మదర్ ఆఫ్ మెర్సీ ఆసుపత్రి ఉంది. అమెరికన్ మిషనరీ డాక్టర్ టామ్ కటేనా 2008 నుంచి అక్కడే ఉన్నారు. 2011లో ప్రభుత్వం ఆ కొండల మీద బాంబులు వేయడం మొదలుపెట్టాక సహాయ సంస్థలు దాదాపు అన్నీ వెళ్లిపోయాయి. ఆయన కదల్లేదు. 2014లో ఆసుపత్రి ఆవరణలోనే బాంబులు పడ్డా కదల్లేదు. ఇప్పుడు యుద్ధం తరిమితే వచ్చిన లక్షల మందికీ ఆ కొండలే దిక్కు.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. చిక్కిపోయిన బిడ్డకు కడుపునిండా అన్నం పెడితే బతుకుతాడని చాలామంది అనుకుంటారు. అలా పెడితే ప్రాణానికే ముప్పు. మొదటి రోజుల్లో రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేపి, కొలిచి పలచటి పాలు పట్టాలి. ఒళ్లు చల్లబడకుండా, షుగర్ పడిపోకుండా చూడాలి. సెలైన్ ఇష్టమొచ్చినట్టు ఎక్కిస్తే గుండె తట్టుకోదు. తేరుకున్నాకే ఇలాంటి పిల్లల చికిత్స కోసం తయారుచేసే వేరుసెనగ ముద్ద పెట్టాలి. ఇదంతా లారీలో బస్తాలు దించి వెళ్లేవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి, స్థానిక యువతకు నర్సింగ్ నేర్పిన ఆసుపత్రి కావాలి. మిషనరీల సేవలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసేది ఇదే, ఉండిపోవడం.

మిషనరీ అనగానే మతమార్పిడి ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. ఆకలితో ఉన్నవాడికి అన్నం చూపించి మతం అడగడం అన్యాయం. మా ఒంగోలుకు ఈ వాదన కొత్త కాదు. 1876-78 ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించారు. ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. దాని మీద చర్చ నేటికీ ఉంది, ఉండనివ్వండి. గిడెల్ వార్డుల్లో మాత్రం ముస్లింలు, క్రైస్తవులు, తాతల నాటి దేవుళ్లను కొలిచేవాళ్లు పక్కపక్క మంచాల మీదే ఉంటారు. మతం మారితేనే మందు అనే మాట ఎక్కడ వినబడినా, అది చర్చి అయినా సరే, నేను వ్యతిరేకిస్తాను.

ఖార్టూమ్, దార్ఫుర్ ఊళ్లలో సామూహిక వంటశాలలు నడిపిన సూడాన్ కుర్రాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. వాళ్లకూ ఇదే గౌరవం దక్కాలి. 2025లో అమెరికా సాయం ఆపేయడంతో ఆ వంటశాలలు చాలా మూతపడ్డాయి.

మీ అంతర్జాతీయ పేజీలో వారానికోసారైనా సూడాన్ ఆకలి గురించి రాయండి. మలేరియా మందులు, యాంటీబయాటిక్స్ చవగ్గా తయారుచేసే దేశం మనది. వాటిని ఐక్యరాజ్యసమితి ద్వారా, సైన్యం చేతిలో లేని నూబా ప్రాంతాలకు కూడా చేరేలా పంపమని కేంద్రాన్ని మీ సంపాదకీయంలో అడగండి. వానలు మొదలైతే అక్కడి మట్టిదారుల్లో లారీలు కదలవు కాబట్టి ఎండాకాలంలోనే పంపాలి.

– ఒక విశ్రాంత నర్సు, ఒంగోలు