వార్షిక నివేదిక 2024–25: అంటువ్యాధుల లెక్కలు, అందరికీ తెరిచిన కోడ్

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 అక్టోబరులో మన జిల్లాలోనే, గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. కోడింగ్ వచ్చినవాళ్లం ఇంతమంది ఉన్నాం, ఇలాంటప్పుడు మన చదువు ఎందుకు పనికొస్తుందని సభ్యులు అడిగారు. విజయనగరంలో ఈ ఏడాది మన సంఘం చేసిన పని చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆదివారం తరగతులను 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించిన నమూనాతో, అంటే అంటువ్యాధి ఎలా పాకుతుందో చెప్పే లెక్కతో మొదలుపెట్టాం. ఇందులో జనాన్ని మూడు గుంపులు చేస్తారు: జబ్బు రాగలవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, కోలుకున్న లేదా చనిపోయినవాళ్లు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే పట్టుమని ఒక పేజీ ఉండదు. అయినా ఒక జాగ్రత్త ఉంది. ఆ రోజు కొత్తగా జబ్బుపడ్డవాళ్లెందరో ఒక్కసారే లెక్కకట్టి, అదే అంకెను మొదటి గుంపులోంచి తీసి రెండో గుంపులో కలపాలి. మొదటి గుంపును ముందే మార్చేసి, మారిన అంకెతో మళ్లీ లెక్క కడితే ఊరి జనాభా మొత్తం తేడా వచ్చేస్తుంది. అందుకే మొత్తం సరిపోతోందా అని చూసే టెస్టును విద్యార్థులందరి చేతా ముందే రాయించాం.

కెర్మాక్, మెకెండ్రిక్ తమ సమీకరణాన్ని 1905–06 బొంబాయి ప్లేగు మరణాలతో పోల్చి చూశారు. గీత బాగానే కుదిరింది. కానీ ఆ ప్లేగు ముఖ్యంగా ఎలుకల ఒంటి మీది పురుగులు కుట్టడం వల్ల సోకేది. సమీకరణంలో ఎలుకల ఊసే లేదు. గీత కుదిరినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు గట్టిగా పట్టుబడితే చాలని మా అభిప్రాయం. తాగేనీటి వల్ల ఒక్కసారిగా అందరికీ సోకే జబ్బుకు, మనిషి నుంచి మనిషికి పాకే లెక్క వేస్తే దారి తప్పుతాం. అక్కడ ముందు కావాల్సింది ఏ రోజు ఎందరికి జబ్బు మొదలైందో చెప్పే పట్టిక, ఏ ఇంటివాళ్లు ఎక్కడి నీళ్లు తాగారో చూపే మ్యాపు. 1854లో లండన్ కలరాకి జాన్ స్నో అనే వైద్యుడు చేసింది అదే. ఆయన మ్యాపులోని మరణాల వివరాలు ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ప్యాకేజీల్లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి వాటితోనే సాధన చేయించాం.

కోడ్ బయటపెట్టడం ఎందుకంటే కొవిడ్ కాలమే సాక్ష్యం. 2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ అంచనాలు వచ్చినప్పుడు వాటి వెనకున్న కోడ్ ఎవరికీ కనబడలేదు. తర్వాత దాన్ని సరిచేసి, కోడ్‌ను అందరితో పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టాక విమర్శలూ వచ్చాయి, దిద్దుబాట్లూ జరిగాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఎగ్లెన్ ఆ కోడ్‌ను స్వయంగా నడిపి, ఇంపీరియల్ నివేదికలోని ముఖ్యమైన ఫలితాలు మళ్లీ వస్తున్నాయని ధ్రువీకరించారు. నమ్మకం అలా కుదరాలి.

అయితే కోడ్ తెరవడం వేరు, రోగుల వివరాలు తెరవడం వేరు. చిన్న ఊళ్లో వయసు, వీధి, తేదీ తెలిస్తే మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో ఒకసారి చేర్చిన ఫైలును తర్వాత తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది. కాబట్టి మన రిపాజిటరీలో (కోడ్ ఉంచే చోట) కోడ్, కల్పిత డేటా తప్ప మరేదీ పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఇందులో మినహాయింపులు లేవు.

వచ్చే ఏడాది, ఒక రోగి నుంచి సగటున ఎందరికి జబ్బు సోకుతోందో అంచనా వేసే ఎపిఎస్టిమ్ (EpiEstim) అనే ఆర్ ప్యాకేజీతో తరగతులు ఉంటాయి. ఆశా కార్యకర్తలను, ఏఎన్ఎంలను పిలిచి, లెక్కలు ఊళ్లో ఎలా రాస్తారో, ఎక్కడ ఆలస్యమవుతుందో వాళ్ల నోటే వినాలని ఉంది. పాత లాప్‌టాప్‌లు ఇవ్వగలిగినవారు చెప్పండి, విద్యార్థులకు చాలా అవసరం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశంలోగా కోశాధికారికి చెల్లించగలరు.

ఇట్లు,
కార్యదర్శి