క్రికెట్ 07 ఆడి పెరిగినవాడి ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే వీడియో గేమ్ కంపెనీని 55 బిలియన్ డాలర్లకు కొంటున్నారన్న సంగతి మీ బిజినెస్ పేజీలో నాలుగు లైన్ల వార్తగా చూశాను. ఆ నాలుగు లైన్లు చాలవనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు దీన్ని కూడా కోసి కోసి నాలుగు లైన్లు చేసి వేస్తారని తెలుసు, అయినా సరే.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈఏ స్పోర్ట్స్ అనండి, ముప్ఫై దాటి ఇంకా నలభైకి రాని నాలాంటివాళ్ల చెవిలో వెంటనే ఒక గొంతు మోగుతుంది, "ఈఏ స్పోర్ట్స్, ఇట్స్ ఇన్ ద గేమ్" అని. రామంతాపూర్‌లో మా సందు చివర ఒక నెట్ కేఫ్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, అందులో ఒకదానికి స్పేస్ బార్ ఊడిపోయి ఉండేది, గంటకి 15 రూపాయలు. 2007 ఎండాకాలం సెలవులు మొత్తం అక్కడే గడిపాం. ఇంట్లో అడిగితే ప్రాజెక్ట్ వర్క్ ప్రింటవుట్ అని చెప్పేవాళ్లం. సెలవుల్లో ప్రాజెక్ట్ ఏంట్రా అని మా నాన్న ఒక్కసారి కూడా అడగలేదు, ఆయనకి తెలుసనే ఇప్పుడు అనుకుంటున్నాను.

అక్కడ ఆడింది రెండే ఆటలు. ఒకటి 2006 చివర్లో వచ్చిన క్రికెట్ 07, రెండోది నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కారు రేసుల ఆట. రెండూ ఈ కంపెనీవే. ఆ ఏడాది మార్చిలో మనవాళ్లు వెస్టిండీస్‌లో జరిగిన ప్రపంచకప్‌లో ముందు బంగ్లాదేశ్ చేతిలో, తర్వాత శ్రీలంక చేతిలో ఓడి మొదటి రౌండ్‌లోనే ఇంటికి వచ్చేశారు గుర్తుందా? ఊరంతా తిట్టుకుంటుంటే మేం మాత్రం కేఫ్‌లో కూర్చుని ఒకే కీబోర్డ్ మీద ఇద్దరం మోచేతులతో పొడుచుకుంటూ రోజుకి రెండు కప్పులు గెలిచేవాళ్లం. రిచీ బెనో, మార్క్ నికొలస్ కామెంటరీ. మాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ వాళ్ల మాటలు మాత్రం పరీక్షకి బట్టీ పట్టినట్టు పట్టేశాం, గల్లీలో టెన్నిస్ బాల్‌తో ఆడేటప్పుడు కూడా అవే వాక్యాలు. లైసెన్స్ లేక ఆ గేమ్‌లో మన ఆటగాళ్ల పేర్లు అటూ ఇటూ మార్చి పెట్టి ఉండేవి. కేఫ్ అన్న ఎక్కడి నుంచో ఒక ప్యాచ్ (గేమ్‌ని మార్చే చిన్న ఫైలు) పట్టుకొచ్చి రాత్రికి రాత్రి వేశాడు, పొద్దున వెళ్లేసరికి అందరికీ అసలు పేర్లు వచ్చేశాయి. ఆ రోజు అన్న మాకు దేవుడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ కేఫ్‌లో ఉన్నవన్నీ కాపీ సీడీలే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒకసారి ఒరిజినల్ డిస్క్ ధర అడిగాం, విని మాట్లాడకుండా మెట్లు దిగి వచ్చేశాం. అంటే నాకు ఆ కంపెనీ మీద ఉన్న అభిమానానికి ఆ కంపెనీకి ఒక్క పైసా ముట్టలేదు. ముట్టకపోయినా అభిమానం అభిమానమే. వేరే గేమ్ బాగుందని ఎవడైనా అంటే వాడితో రెండు రోజులు మాటల్లేవు. బ్రయాన్ లారా క్రికెట్ అనే గేమ్ బెటర్ అన్న ఒకడైతే మా బ్యాచ్‌లోంచే పోయాడు (ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు, ఇంకా అదే మాట అంటాడు). తర్వాత ఉద్యోగం వచ్చి మొదటి జీతం చేతిలో పడగానే మోస్ట్ వాంటెడ్ ఒరిజినల్ డిస్క్ వెతికి కొన్నాను. అప్పటికే ఆ ఆట ఐదారుసార్లు పూర్తి చేసేశాను, అందులో విలన్ రేజర్‌ని ఓడించి, వాడు లాక్కున్న ఆ నీలం వెండి బీఎండబ్ల్యూని ఎన్నిసార్లు వెనక్కి తెచ్చుకున్నానో లెక్కలేదు. ఆడటానికి కాదు కొన్నది, కిరాణా కొట్టు బాకీ తీర్చినట్టు తీర్చాను. ఆ డిస్క్ ఇప్పటికీ బీరువాలో ఉంది, పని చేస్తుంది కూడా.

ఆ కంపెనీ కథ చదివితే ఇంకా బాధేస్తుంది. 1982లో ట్రిప్ హాకిన్స్ అనే ఆయన ఆపిల్‌లో ఉద్యోగం మానేసి దాన్ని పెట్టాడు. గేమ్ తయారుచేసేవాళ్లని కళాకారుల్లా చూడాలన్నది ఆయన మాట. అందుకే పాటల రికార్డుల మీద గాయకుడి పేరు వేసినట్టు గేమ్ అట్టల మీద తయారుచేసినవాళ్ల పేర్లు వేసేవారు. కంప్యూటర్ మిమ్మల్ని ఏడిపించగలదా అని 1983లో ఒక యాడ్ ఇచ్చారు. గేమ్ చూసి కన్నీళ్లు వస్తాయా అని వాళ్ల ఉద్దేశం. వచ్చాయి, కాకపోతే బిల్లు చూసినప్పుడు.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 2010 ప్రాంతంలో ఆన్‌లైన్ పాస్ అని ఒకటి తెచ్చారు. డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు ఇంటర్నెట్‌లో ఆడాలంటే కంపెనీకి మళ్లీ 10 డాలర్లు కట్టాలి. ఒక డిస్క్ నలుగురు స్నేహితులు వంతులవారీగా ఆడుకుని, అయిపోయాక షాపులో ఇచ్చి ఇంకోటి తెచ్చుకునే మనలాంటి ఊళ్లలో దాని అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. జనం తిట్టగా తిట్టగా 2013లో తీసేశారు. 2012, 2013లో వరసగా రెండేళ్లు అమెరికాలో ఒక వినియోగదారుల వెబ్‌సైట్ పోల్‌లో అతి చెత్త కంపెనీగా ఓట్లు వేయించుకుంది. బ్యాంకుల్ని, కేబుల్ కంపెనీల్ని దాటి మరీ! అది కాస్త అతి అనే నా అభిప్రాయం, ఇల్లు వేలం వేసిన బ్యాంకు కన్నా గేమ్ కంపెనీ చెడ్డదా? కానీ కోపం అంతదాకా వెళ్లిందంటే ప్రేమ ఎంత ఉండి ఉండాలి. పరాయివాళ్ల మీద మనకి అంత కోపం రాదు.

అసలు రోగం ప్యాకెట్లు. ఫుట్‌బాల్ గేమ్‌లో అల్టిమేట్ టీమ్ అని ఉంటుంది. డబ్బు పెట్టి ప్యాకెట్ కొంటారు, చించితే లోపల ఎవరో ఆటగాళ్లు వస్తారు. మెస్సీ రావచ్చు, ఎవరూ పేరు వినని డిఫెండర్ రావచ్చు. మనం చిన్నప్పుడు బడి బయట కొట్టులో అట్ట మీద అంటించిన చిట్టీలు చించేవాళ్లం చూడండి, పావలాకి ఒకటి, ఎప్పుడు చించినా ప్లాస్టిక్ ఉంగరమే వచ్చేది, పెద్ద బొమ్మ మాత్రం అట్ట మీదే వేలాడుతుండేది. అదే ఇది. తేడా ఏమిటంటే కొట్టు ముసలాయన దగ్గర పావలా అయిపోతే ఇంటికి పోయేవాళ్లం, ఇక్కడ కార్డు అయిపోదు. పైగా ఈ ఏడాది గేమ్‌లో కూడబెట్టిన జట్టు వచ్చే ఏడాది గేమ్‌లోకి రాదు, మళ్లీ మొదటి నుంచి చించుకోవాలి. 2017లో స్టార్ వార్స్ గేమ్‌లో ఇదే పద్ధతి పెడితే, పూర్తి ధర పెట్టి కొన్నవాడికి కూడా ఆ కథలో పేరుమోసిన విలన్ డార్త్ వేడర్‌కి తాళం వేసి ఉంటే, జనం తిరగబడ్డారు. కష్టపడి సంపాదిస్తే గర్వంగా ఉంటుందని కంపెనీ తరఫున ఎవరో రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో జవాబిచ్చారు, దానికి 6 లక్షలకు పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదన్న ఓట్లు) పడి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. బెల్జియంలో 2018లో ఇది జూదమే అని తేల్చారు, 2019 జనవరి చివరికి ఆ దేశంలో ఫుట్‌బాల్ గేమ్ ప్యాకెట్లు కొనడానికి వాడే పాయింట్లు అమ్మడం ఆపేశారు. అదే ఏడాది బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు కంపెనీ ప్రతినిధి ఏమన్నారో తెలుసా? వీటిని లూట్ బాక్సులు అనం, సర్‌ప్రైజ్ మెకానిక్స్ అంటాం, కిండర్ ఎగ్ లాంటివి అన్నారు. కిండర్ జాయ్ కొన్న పిల్లాడికి బొమ్మ నచ్చకపోయినా చాక్లెట్ అయినా మిగులుతుంది కదండీ.

ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. పోయిన దసరాకి వాళ్ల అమ్మ ఫోన్‌లో ఒక మొబైల్ గేమ్ ఆడుతూ మూడు రోజుల్లో 4,300 రూపాయలు ఊదేశాడు. ఆ గేమ్ నేను చెప్తున్న కంపెనీది కాదు, ఎవరిదో పేరు ఇక్కడ అనవసరం. యూపీఐ పిన్ వాడికి ఎలా తెలిసిందని అక్క, నీ ఫోన్ వాడికెందుకిచ్చావని బావ, పండగ పూట ఇల్లంతా టెన్షన్. నన్ను పంచాయితీకి పిలిచారు, నువ్వు కూడా ఇలాగే గేమ్‌లు ఆడేవాడివిగా, వాడికి చెప్పు అని. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "మామా, ఇంకొక్కటి కొంటే గోల్డ్ వచ్చేది" అన్నాడు. ఎంత శాతం ఛాన్సో అక్కడే రాసి ఉంది చూశావా అంటే చూశాడట, ఒక శాతం కన్నా తక్కువ అని ఉందట, అయినా వస్తుందనుకున్నాడట. నాకు తిట్టడానికి నోరు రాలేదు. ఈ పద్ధతిని ఇంత పెద్ద వ్యాపారం చేసి ప్రపంచానికి అలవాటు చేసినవాళ్లలో ముందు వరసలో ఉన్నది నేను గల్లీలో స్నేహితులతో గొడవపడి వెనకేసుకొచ్చిన కంపెనీయే.

పూర్తిగా చెడిపోయిందని కూడా అనను. 2021లో వాళ్లు విడుదల చేసిన ఇట్ టేక్స్ టు అనే గేమ్ ఇద్దరు కలిసి ఆడేది, ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లకి ఉచితం. మా ఆవిడ జన్మలో గేమ్ ముట్టుకోనిది, పదిహేను రాత్రులు నాతో కూర్చుని పూర్తి చేసింది. బయటి స్టూడియో తయారుచేసింది అది, వీళ్లు డబ్బు పెట్టి అమ్మారు. అలాంటివి చేయడం వాళ్లకి చేతకాక కాదన్నమాట.

ఇప్పుడు మీ నాలుగు లైన్ల వార్తకి వస్తాను. 2025 సెప్టెంబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ, ట్రంప్ అల్లుడు జేరెడ్ కుష్నర్ సంస్థ అఫినిటీ పార్ట్‌నర్స్ కలిసి దీన్ని కొంటున్నట్టు ప్రకటించారు. 55 బిలియన్ డాలర్లంటే మన లెక్కలో 4.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. అందులో 20 బిలియన్లు అప్పు. ఈ తరహా కొనుగోళ్లలో ఆ అప్పు కొన్నవాడి నెత్తిన కాదు, కొనబడ్డ కంపెనీ నెత్తిన పడుతుంది, దాని వడ్డీ కట్టాల్సింది ఆ కంపెనీ సంపాదనలోంచే. ఆ సంపాదనలో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసా? గేమ్ అమ్మిన రోజు వచ్చే డబ్బు కాదు, తర్వాత లోపల ప్యాకెట్లూ అవీ అమ్మితే వచ్చేది. ప్యాకెట్లు తగ్గుతాయా పెరుగుతాయా మీరే చెప్పండి.

మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మన తెలంగాణలో అయితే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటి మీద 2017లోనే నిషేధం పెట్టారు. మంచిదే. ప్యాకెట్ గేముల కంపెనీల వాదన మాత్రం, మేం తిరిగి డబ్బు ఇవ్వడం లేదు, ప్రతి ప్యాకెట్‌లో ఏదో ఒకటి వస్తుంది కాబట్టి ఇది జూదం కాదు అని. రమ్మీలో కనీసం గెలిస్తే డబ్బొస్తుంది, ఇక్కడ గెలిచినా రాదు, అదే వీళ్ల సమర్థన! పద్దెనిమిది నిండనివాళ్లకి ఈ చించి చూసే ప్యాకెట్లు అమ్మకూడదని ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది. పిల్లల ఫోన్ వ్యసనం మీద మీరు ప్రతి ఆదివారం డాక్టర్లతో రాయిస్తారు, తల్లిదండ్రుల తప్పు, పిల్లల తప్పు అని. అమ్మేవాడి సంగతి కూడా ఒక ఆదివారం రాయించండి.

చివరగా నా సొంత ఏడుపు ఒకటి. క్రికెట్ 07 తర్వాత ఆ కంపెనీ మళ్లీ ఆ స్థాయి క్రికెట్ గేమ్ చేయలేదు. 1996 నుంచి చేస్తూ వచ్చినవాళ్లు, సరిగ్గా ఐపీఎల్ మొదలయ్యే ముందు ఆపేశారు, అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉంటుందా? 2021లో కోడ్‌మాస్టర్స్ కంపెనీని కొనేశారు, మావాడు వెనకేసుకొచ్చిన బ్రయాన్ లారా క్రికెట్ వాళ్లదే. అంటే ఇప్పుడు రెండు ఇళ్లూ ఒకరివే, రెండింట్లోనూ పొయ్యి వెలగడం లేదు. మన కుర్రాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ పాత గేమ్‌కే ఏటేటా కొత్త ఐపీఎల్ జెర్సీలు, కొత్త ముఖాలు ప్యాచ్‌లు చేసి వేసుకుంటున్నారు, పైసా ఆశించకుండా. సంక్రాంతికి మా మేనల్లుడికి నా పాత లాప్‌టాప్‌లో అదే వేసిచ్చాను. కాసేపు ఆడి, "ఇందులో ప్లేయర్లని ఎక్కడ కొనాలి మామా?" అన్నాడు. అందరూ ముందే ఉన్నారురా అంటే నమ్మలేదు, మెనూ అంతా తిరగేసి చూశాడు.

ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనే పెద్ద ఆఫీసుంది. అక్కడ పనిచేసేవాళ్లలో సగంమంది మాలాగే ఏదో ఒక కేఫ్‌లో స్పేస్ బార్ లేని కీబోర్డ్ మీద ఆడి పెరిగినవాళ్లే అయ్యుంటారు. వాళ్లలో ఎవరైనా మీ పత్రిక చదువుతుంటే, కొత్త ఓనర్లు ఆఫీసు చూడ్డానికి వచ్చిన రోజున క్రికెట్ గేమ్ సంగతి ఒక్కసారి చెవిన వేయమనండి. ప్యాకెట్లు లేకుండా.

ఇట్లు,
మీ పాఠకుడు,
రామంతాపూర్, హైదరాబాద్