ఆ అవ్వ చెప్పులు ఇంకా పొలంలోనే ఉన్నాయి

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాను. ఎడమ మణికట్టు విరిగింది, నుదుటికి ఏడు కుట్లు. ఒక్క చేత్తో కొడుతున్నాను, తప్పులుంటే క్షమించండి.

సోమవారం పైలట్ ట్రైనింగ్‌లో భాగంగా చిన్న విమానంలో ఒంటరిగా ఎగురుతున్నాను. ఇబ్రహీంపట్నం చెరువు దాటి యాచారం వైపు వెళ్తుండగా, 2,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగిపోయింది. నేర్పినట్టే స్పీడు 60 నాట్ల (గంటకు సుమారు 110 కి.మీ.) దగ్గర పట్టుకున్నాను. ఫ్యూయల్, కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపేది), మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేది) అన్నీ చూశాను, ఇంజిన్ మళ్లీ అందుకోలేదు. రేడియోలో మూడుసార్లు "మేడే" (ప్రాణాపాయంలో ఉన్నానని చెప్పే పిలుపు) చెప్పాను. ఎక్కడో వరి కొయ్యకాళ్లు తగలబెడుతున్న పొగను బట్టి గాలి ఎటుందో చూసుకుని, కరెంటు తీగలు లేని, కోత అయిపోయిన వరి మడి ఎంచుకున్నాను. దిగే ముందు తలుపు గడియ తీసి ఉంచమంటారు, అదీ చేశాను. నేల తాకాక గట్టు అడ్డం వచ్చింది. ముందు చక్రం విరిగి ముక్కు మట్టిలో దిగబడింది.

ఆ తలుపు తెరిచింది ఒక అవ్వ. అరవై దాటి ఉంటాయి. పెట్రోలు వాసనకు అందరూ దూరంగానే ఆగిపోతే ఆమె ఒక్కతే వచ్చింది. బెల్టు ఎట్లా ఊడుతుందో తెలియక గుంజుతూ, "భయపడకు బిడ్డా, నేనున్న" అంటూనే ఉంది. వేపచెట్టు కింద నా తల ఒళ్లో పెట్టుకుని, కొంగు తడిపి నెత్తురు తుడిచింది. "మీ అమ్మ నంబర్ చెప్పు" అని తన చిన్న ఫోన్ తీసింది. చెక్‌లిస్టు మొత్తం నోటికొచ్చిన దాన్ని, అమ్మ నంబర్ గుర్తుకు రాలేదు. అప్పుడు ఏడ్చాను. "యాదికొస్తది తియ్, తొందరేం లేదు" అని వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి పది అంకెలూ వచ్చాయి.

"నీ గట్టు విరగ్గొట్టాను అవ్వా" అంటే, "గట్టుదేముంది, మళ్ల పెట్టుకుంటం" అంది.

108లో నాతోనే ఎక్కింది. ఆసుపత్రి తెల్లటి బండల మీద మట్టి అడుగులు చూశాకే తెలిసింది, చెప్పులు పొలంలోనే వదిలేసి వచ్చిందని. నాన్న వచ్చేదాకా ఉంది. ఆటోకు డబ్బులిస్తే తీసుకోకుండా, ఒట్టి కాళ్లతోనే సాగర్ రోడ్డు బస్సెక్కి వెళ్లిపోయింది.

అమ్మ, నాన్న, అక్క మూడు రాత్రులు నిద్రపోలేదు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. విచారణ అధికారులు అనుమతించేదాకా విమానాన్ని కదపకూడదు. కారణం తెలియాలి కాబట్టి ఆ నియమం సరైనదే. కానీ ఆ మడి అవ్వది, ఆమెకున్నదే అరెకరం. యాసంగి నారు పోసుకుని ఉంది. అది ముదిరిపోతే నాటు ఎక్కడ వేస్తుంది? నష్టపరిహారం గురించి అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తోంది. దరఖాస్తు ఎవరికి పెట్టాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్తున్నాం. పేరు రాయొద్దన్నది, అందుకే రాయడం లేదు.

108 సిబ్బందికి, రేడియోలో చివరిదాకా మాట్లాడిన కంట్రోలర్ గారికి, మా ఇన్‌స్ట్రక్టర్ సార్‌కు కృతజ్ఞతలు. అయ్యో, విమానం దగ్గర ఎవరినీ బీడీ ముట్టించనివ్వకుండా కాపలా ఉన్న తమ్ముడిని మర్చిపోయాను! మట్టిలో వెతికి నా కళ్లద్దాలు తెచ్చిచ్చిన పిల్లాడిని కూడా. ఇప్పుడు పెట్టుకున్నవి అవే.