సాగర్ గేట్ల వీడియో పెట్టే ముందు

అందరికీ నమస్తే. వానాకాలం రాంగనే పాత వీడియోలు "సాగర్ గేట్లు ఇప్పుడే ఎత్తిన్రు" అని మళ్ల తిరుగుతయ్. అది నమ్మి నల్లగొండ నుంచి పిల్లలతోని బయల్దేరేటోళ్లుంటరు. కింద ఏటి ఒడ్డున మోటార్లున్న రైతులైతే ఆగమైతరు. అందుకే ముందు ఆ రోజు నీటిమట్టం చూడుండ్రి. నిండుమట్టం 590 అడుగులు, గేట్ల అడుగుభాగం 546 కాడ ఉంటది. నీళ్లు అంతకన్న కిందుంటే గేటు ఎత్తినా చుక్క రాదు. వీడియోల గేట్లు కూడా లెక్కపెట్టుండ్రి: సాగర్‌కు 26, శ్రీశైలానికి 12. వాట్సాప్‌ల రెండు బాణాల గుర్తుతోని (అంటే శానసార్లు చేతులు మారి) వచ్చిన ఫార్వర్డ్‌ను అసలే తొందరపడి పంపొద్దు. పేపర్ల వచ్చిన వింత వార్తలు పెట్టుండ్రి, మాకూ ఇష్టమే. కాకపోతే తేదీ, పేపర్ పేరు కనబడేటట్టు మొత్తం పేజీ పెట్టాలె, కత్తిరించిన ముక్క వద్దు.